‘ఆయ్’ అని పడిపోవద్దు

(అమలాపురంలో జరిగిన రెండు రోజుల ఐకిడో శిక్షణ తరగతిలో, రెండో రోజు పొద్దున సాధనకి ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి జారబడ్డవాళ్ళు కాస్త ముందుకి జరగండి. ఫ్యాను ఇటే ఉంది, రండి. కాసేపట్లో మ్యాట్ ఎక్కుతాం. ఈలోగా నిన్నటి సాధనలో కనబడ్డవి చెప్పేస్తాను.

ఐకిడో జపాను నుంచి వచ్చిన పోరాట విద్య. ఆ మాటలో మూడు ముక్కలున్నాయి. అయ్, కి, దో. అయ్ అంటే కలవడం, పొసగడం. కి అంటే ప్రాణశక్తి అనుకోండి. దో అంటే దారి. ఇందులో మొదటి ముక్క మన గోదారోళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు కదండీ! ఏమడిగినా ‘ఆయ్’ అంటాం. భోజనం అయిందా? ఆయ్. రేపొస్తున్నారా? ఆయ్. రానివాడు కూడా ఆయ్ అనే అంటాడు. నిన్న మ్యాట్ మీద సరిగ్గా అదే జరిగింది. పట్టుకోవాల్సినవాడు పట్టీపట్టనట్టు పట్టుకున్నాడు. చేసేవాడు చెయ్యి ఇలా కదిపాడో లేదో, ‘ఆయ్’ అన్నట్టు వెళ్ళి పడిపోయాడు. లేచి ఇద్దరూ దణ్ణాలు పెట్టుకున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఇద్దరిలో ఎవరికి ఏం వచ్చింది?

మన మర్యాదలు మ్యాట్ మీద పనికిరావు. ఎందుకో చెబుతాను. చెడుగుడు ఆడేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. చెడుగుడులో మీ పట్టు వదులైతే ఏమవుతుంది? కూతకొచ్చినవాడు విదిలించుకుని గీత దాటేస్తాడు. పాయింటు పోతుంది. ఊరంతా చూస్తుంది. తప్పు తప్పని అక్కడికక్కడే తేలిపోతుంది. మనం నేర్చుకునే ఐకికాయ్ పద్ధతిలో పోటీల్లేవు. తోమికి పద్ధతిలో ఉన్నాయి గానీ అది వేరే దారి. మనకి గీత లేదు, పాయింటు లేదు. మరి తప్పు చేశామని ఎవరు చెప్పాలి? ఉకే చెప్పాలి. ఉకే అంటే దాడి చేసి, పట్టుని ఒంటి మీదికి పుచ్చుకుని పడేవాడు. నగే అంటే విసిరేవాడు. ఉకే మర్యాదకి పడ్డాడంటే నగే చేసిన తప్పుని కప్పెట్టేశాడన్నమాట. అలా పదేళ్ళు చేసినా ఆ తప్పు అక్కడే, అలాగే ఉంటుంది.

ఉకే ఎలా చెప్పాలి? మధ్యలో ఆపి ఉపన్యాసం ఇవ్వడం కాదు, ఆ పని నాకొదిలెయ్యండి. తన ఒంటిని మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి, నా ఖాళీ చెయ్యి ఇతని మొహానికి అందుతుందా? రెండు, నేను నిటారుగా నిలబడగలుగుతున్నానా? మూడు, నా కాలు నాకు కావలసిన చోట వేసుకోగలనా? ఈ మూడింట్లో ఏ ఒక్కదానికి ‘ఆయ్’ అని జవాబొచ్చినా తూకం ఇంకా తప్పలేదని అర్థం. తూకం తప్పించడాన్ని కుజుషి అంటారు. కుజుషి లేకుండా విసురు లేదు. అప్పుడు ఉకే పడకూడదు. అలాగని ఎదురు తిరగనూ కూడదు. మొహానికి చెయ్యి అందుతుంటే మెల్లిగా ఆనించండి. నిలబడగలిగితే నిలబడండి. అంతే. నగేకి అర్థమైపోతుంది.

దీనికి అవతలి చివర ఇంకో రకం ఉంది. ఎటకారం పట్టు. వచ్చేది ఇక్క్యో అనే మోచేతి పట్టని తెలుసు, గురువుగారు ఇప్పుడే చూపించారు, అందుకని ముందుగానే మోచెయ్యి బిగబట్టి, ‘ఏదీ, చెయ్యి చూద్దాం’ అని నవ్వుతూ నిలబడతాడు. ఇదీ అబద్ధమే. నిజంగా కొట్టడానికి వచ్చినవాడికి మీరేం చెయ్యబోతున్నారో తెలియదు. వాడు మోచెయ్యి బిగించుకుని రాడు, మీ మీదికి వస్తాడు. మర్యాద ఉకేలో దాడి లేదు, ఎటకారం ఉకేలోనూ దాడి లేదు. దాడి లేకపోతే పట్టుకి ముడిసరుకే లేదు.

దాడి అంటే ఏంటో ముంజేతి పట్టు దగ్గర చూద్దాం. చెయ్యి ఎక్కడ బిగించాలి? చాలామంది బొటనవేలు, చూపుడువేలు బిగిస్తారు. దాంతో భుజం పైకి లేస్తుంది, మెడ గట్టిపడుతుంది. బిగించాల్సింది చిటికెనవేలు, ఉంగరపు వేలు. తర్వాత మధ్యవేలు. చూపుడువేలు, బొటనవేలు ఊరికే చుట్టుకుని ఉంటాయి. అరచెయ్యి మొత్తం ఆనాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. చెక్క కత్తి పట్టేదీ ఇలాగే. దసరాకి మన ఊళ్ళో తాలింఖానా చూస్తారు కదా. ఈసారి కర్ర తిప్పేవాళ్ళ మొహాలు కాదు, వేళ్ళు చూడండి. ఏ వేళ్ళు బిగుస్తున్నాయో, ఏవి వదులుగా ఉన్నాయో గమనించండి. ఇక పట్టుకున్నాక బలం ఎటు పోవాలి? కిందికి నొక్కడం కాదు, మీ వైపు లాక్కోవడం కాదు. నగే బొడ్డు వైపు పోవాలి. మెల్లిగానే, కానీ ఆగకుండా.

ఇప్పుడు నగే సంగతికొద్దాం. అన్నిటికన్నా ముందు నిలబడటం. హన్మి అంటాం. ముందు పాదం ఎదటికి చూస్తుంది, వెనక పాదం పక్కకి తిరిగి ఉంటుంది, రెండు మడమలూ దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. చేలగట్టు మీద నిలబడ్డారనుకోండి. కాళ్ళు ఎడంగా పెడితే చేలో పడతారు. నెత్తిన గంపతో గట్టు మీద నడిచేవాళ్ళని చూశారా? తుంటి కదులుతుంది, భుజాలు కదలవు, తల ఊగదు. అదే కావాలి మనకి. ఊడ్పు చేలో నడిచినట్టు కాళ్ళు ఎత్తెత్తి వెయ్యకండి. కాలు గాల్లో ఉన్నంతసేపూ మీరు ఒంటికాలి మనుషులే.

తాయి నో హెంకో, అంటే పట్టుబడ్డ చోటే ఒంటిని తిప్పే కదలిక, దాని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, విసుక్కోకండి. ఐకిడోని స్థాపించిన ఉయెషిబా మొరిహెయ్ 1942 నుంచి ఇవామా పల్లెలో ఉన్నారు. అక్కడ 1946లో ఆయన దగ్గర చేరిన సైతో మొరిహిరో తర్వాత తన శిష్యులకి ప్రతి తరగతినీ దీనితోనే మొదలుపెట్టేవారు. ప్రతి తరగతినీ అంటున్నాను. కొత్తవాళ్ళకి మాత్రమే కాదు.

ఉకే కుడి చేత్తో మీ ఎడమ ముంజేయి పట్టుకున్నాడు. మీ ఎడమ కాలు ముందు, అతని కుడి కాలు ముందు. మీరు ఎడమ పాదాన్ని జరిపి అతని ముందు పాదానికి బయటి పక్కన, వేళ్ళకి వేళ్ళు ఎదురుగా వచ్చేలా పెట్టాలి. పట్టుబడ్డ చెయ్యి వేళ్ళు చాచి, అరచెయ్యి పైకి తిప్పుకోవాలి. ఆ ముందు పాదం మీదే తిరిగి, కుడి కాలిని వెనక్కి తిప్పి వెయ్యాలి. చివరికి ఇద్దరూ పక్కపక్కన, ఒకే వైపు చూస్తూ ఉంటారు. మీ రెండు చేతులూ ముందుకి చాచి ఉంటాయి. నడుము కాస్త కిందికి దిగి ఉంటుంది. అంతే, ఇంతకంటే ఏమీ లేదు.

మరి ఎక్కడ చెడుతుంది? చేతిని లాక్కోవడం దగ్గర. పట్టుబడగానే మనిషికి పుట్టే మొదటి బుద్ధి చెయ్యి లాక్కోవడమే. లాగితే ఉకే పట్టు ఇంకా బిగుస్తుంది, మీ భుజం లేస్తుంది, మీరు అతని బలంతో పోటీకి దిగినట్టవుతుంది. రేవులో గుంజకి కట్టిన పడవని తలుచుకోండి. పోటు తిరిగితే ఏమవుతుంది? గుంజ కదలదు. పడవే దాని చుట్టూ తిరిగి ముక్కు మార్చుకుంటుంది. పట్టుబడ్డ చెయ్యి గుంజ. మీ ఒళ్ళు పడవ. చెయ్యి మీ దగ్గరికి రాదు, మీ బొడ్డే చేతి దగ్గరికి వెళ్ళాలి. బొడ్డుకీ చేతికీ మధ్య బెత్తెడు దూరం వచ్చాక తిరగండి. అంతకుముందే తిరిగారా, తాడు సాగదీసినట్టు చెయ్యి వెనకాల ఉండిపోతుంది.

ఇంకో రెండు తప్పులు. పట్టుబడ్డ చేతిని చూడటం ఒకటి. చూస్తే తల వంగుతుంది, తలతో నడుమూ వంగుతుంది. తిరిగాక పాదాలు సర్దుకోవడం రెండోది. సర్దుకుంటున్నారంటే మొదటి అడుగు తప్పు చోట పడిందనే. చివర్లో కనబడ్డ తప్పుని చివర్లో దిద్దితే దిద్దుబాటు నిలవదు. మళ్ళీ మొదటికెళ్ళి మొదటి పాదం ఎక్కడ పడిందో చూడాలి. ఇది ఒక్క తాయి నో హెంకోకే కాదు, అన్నిటికీ ఇంతే.

షోమెనుచి ఇక్క్యో. షోమెనుచి అంటే నెత్తి మీదికి చేతి అంచుతో కొట్టే దెబ్బ. ఇక్కడ ఎక్కువమంది చేసేది, దెబ్బ దిగేదాకా ఆగి, దిగుతున్న చేతిని ఆపబోవడం. ఏవండీ, రోకలి ఎప్పుడు పట్టుకుంటారు? లేస్తున్నప్పుడా, దిగుతున్నప్పుడా? దిగుతున్నప్పుడు పట్టుకుంటే వేళ్ళు ఉంటాయా? ఉకే చెయ్యి లేస్తున్నప్పుడే మీరు ముందుకి జారాలి. కుడి చేతి దెబ్బ అనుకుందాం. మీ కుడి చెయ్యి అతని మణికట్టు దగ్గర కలవాలి. ఎడమ చెయ్యి మోచేతికి కింద నుంచి తగలాలి. ఆ మోచేతిని అతని చెవి వైపుకి పంపాలి. కిందికి కాదు, మీ వైపుకి కాదు, చెవి వైపుకి. మోచెయ్యి చెవి దాటేసరికి అతని ఒళ్ళు పక్కకి తిరుగుతుంది, బరువు మడమల మీదికి పోతుంది. అప్పుడు కత్తి దించినట్టు రెండు చేతులూ దించుతూ, ఎడమ కాలు అతని చంక కిందికి వెళ్ళేలా అడుగు వెయ్యాలి. తర్వాత కుడి కాలు. తర్వాత నేల.

నిన్న కనబడ్డ తప్పేంటి? అందరి బలమూ మణికట్టు మీదే ఉంది. మణికట్టు పట్టుకుని ఎంత నొక్కినా మోచెయ్యి వంచుకుని లేచిపోతాడు. ఇక్క్యో మోచేతి పట్టు అని గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. కావాలంటే ఒకసారి కుడి చేతి వేళ్ళు చాచేసి, మణికట్టు పట్టుకోకుండా ఊరికే ఆనించి చేసి చూడండి. అప్పుడూ ఉకే కిందికి వెళ్ళాడంటే మీ ఎడమ చెయ్యి పని చేస్తున్నట్టు. వెళ్ళకపోతే ఇన్నాళ్ళూ బండబలమే నడిపించిందన్నమాట. నేల మీద బిగించేటప్పుడు ఉకే చెయ్యి ఒంటికి లంబకోణం కన్నా కొంచెం ఎక్కువ పైకి ఉండాలి, అరచెయ్యి ఆకాశం చూడాలి. మీ ఒక మోకాలు అతని చంకలో, రెండోది మణికట్టు దగ్గర. చెయ్యి నడుము వైపుకి జారిందా, లేచిపోతాడు.

ఇక షిహోనగే, అంటే ఉకే చేతిని అతని భుజం మీదికి మడిచి వెనక్కి పడేసే విసురు. ఇక్కడ నవ్వులు ఆపి వినండి. ఐకిడోలో తలకి దెబ్బ తగిలే ప్రమాదమున్న పట్టుల్లో ఇదొకటి. కారణం చాలా సూటిగా ఉంది. ఉకే వెనక్కి పడతాడు, కానీ అతని చెయ్యి అతని భుజం దగ్గరే మడతపడి మీ గుప్పిట్లో ఉంటుంది. ఆ చేత్తో నేలని చరచలేడు, తిరగలేడు. మీరు విసురుగా కిందికి కొట్టారా, తల వెనకభాగం ముందు తగులుతుంది. ఇది ఎంత చెప్పినా తక్కువే.

చేసే విధానం చూడండి. ఉకే కుడి చెయ్యి మీ ఎడమ ముంజేతిని పట్టుకుంది. మీరు కుడి చేత్తో అతని మణికట్టు పట్టుకుని, అతని ఎదురుగా అడ్డంగా అడుగు వేస్తూ అతని చేతిని ముందుకి సాగదియ్యాలి. తర్వాత రెండు చేతుల్నీ కత్తి ఎత్తినట్టు మీ నుదుటి ముందుకి ఎత్తి, ఆ కిందుగా వెనక్కి తిరగాలి. తిరిగాక కత్తి దించినట్టు దించడం. చేతులు ఎప్పుడూ మీ నుదుటి ముందే ఉండాలి. తల మీదికి, వెనక్కి పోకూడదు.

ఉకే పొట్టివాడు, మీరు పొడుగు అనుకోండి. అప్పుడు ఏం చేస్తారు? నడుము వంచి చేతి కింద నుంచి దూరతారు, పూరిపాక గుమ్మంలో దూరినట్టు. వంగినప్పుడు మీ వీపు ఉకేకి బంగారు బేరం, గుద్దుతాడు. వంగకండి. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి దిగండి. రెండో తప్పు ఇంకా ప్రమాదం. తిరిగాక ఉకే చేతిని అతని భుజానికి దూరంగా, పక్కకి లాగి పట్టుకుంటారు. అప్పుడు భారమంతా మోచేతి మీద, భుజం కీలు మీద పడుతుంది. మడతపడ్డ చెయ్యి అతని భుజం మీదే, కావిడి ఆనినట్టు ఆనుకుని ఉండాలి. అప్పుడు కీలుకి నొప్పి ఉండదు, తూకం మాత్రం పోతుంది. అప్పుడే సరిగ్గా వచ్చినట్టు. నొప్పికి కేక పెట్టాడంటే మీ పట్టు బాగుందని కాదు, తప్పు దారిలో ఉందని.

అయిదో క్యూ, నాలుగో క్యూ వాళ్ళు, అంటే ఇంకా కింది మెట్ల మీద ఉన్నవాళ్ళు, ఈ రోజు షిహోనగేలో విసరరు. తూకం తప్పగానే ఆగుతారు. ఉకే లోపలి కాలు మడిచి, పిర్ర మీద కూర్చుని, వీపు గుండ్రంగా చేసి దొర్లుతాడు. నగే అతనితోపాటే మోకాలి మీదికి దిగుతాడు. ఉకే గడ్డం ఛాతీకి ఆనాలి, కళ్ళు తన బెల్టు ముడిని చూడాలి. బెల్టు ముడి కనబడుతున్నంతసేపూ తల నేలకి తగలదు. పెద్దవాళ్ళయినా కొత్త ఉకే దొరికితే ఇలాగే చెయ్యాలి.

కోతెగాయెషి, అంటే మణికట్టు మడిచి పడేసే పట్టు, దాని గురించి రెండే మాటలు. మీ బొటనవేలు అతని చేతి వెనక, ఉంగరపు వేలికీ చిటికెనవేలికీ మొదళ్ళ మధ్య ఉండాలి. మిగిలిన వేళ్ళు అతని బొటనవేలి కండని చుట్టుకోవాలి. మణికట్టుని తాళంచెవి తిప్పినట్టు తిప్పొద్దు. అలా తిప్పితే బెణుకుతుంది. అతని వేళ్ళని అతని ముంజేతి వైపుకి మడిచి, ఆ మడతని నేలకి దించండి. అంతకుముందు తిరిగి, అతణ్ణి ముందుకి సాగదీసి ఉండాలి. లేకపోతే ఉకే రెండో చెయ్యి మీ మొహానికి వచ్చేస్తుంది. మళ్ళీ మొదటి ప్రశ్నకే వచ్చాం చూడండి.

ముందుకి దొర్లడంలో నిన్న ముగ్గురు నడినెత్తి ఆనించారు. పేర్లు చెప్పను, వాళ్ళకి తెలుసు. నేలకి ఆనాల్సిన వరస ఇది: చిటికెనవేలి అంచు, ముంజేయి, మోచేతి బయటివైపు, భుజం. అక్కడి నుంచి వీపుకి ఏటవాలుగా అవతలి తుంటి. ఆ గీత తప్పి వెన్నుపూస మీద సూటిగా దొర్లితే నడుం పట్టేస్తుంది. చెయ్యి విల్లులా వంగి ఉండాలి. మోచెయ్యి దగ్గర విరిగి వంగితే భుజం వెళ్ళి గుద్దుకుంటుంది.

సాధన చేసే పద్ధతి. నగే నాలుగు సార్లు చేస్తాడు. ఎదరి నుంచి కుడి ఒకటి, ఎడమ ఒకటి, వెనక నుంచి కుడి ఒకటి, ఎడమ ఒకటి. వెంటనే మారిపోవాలి. ఈ నాలుగింట్లోనూ ఒకే ఒక్క తప్పు దిద్దుకోండి. పాదం అంటే పాదమే. చేతులు ఎలా పోయినా పోనివ్వండి. అన్నీ ఒకేసారి సర్దబోతే ఏదీ కుదరదు. మొదటి విడతలో మూడు చోట్ల ఆగండి. చేతులు కలిసిన చోట, తూకం తప్పిన చోట, నేల మీద. ఆగిన ప్రతిచోటా ఉకే తన మూడు ప్రశ్నలూ అడుక్కోవాలి. రెండో విడతలో ఆగకుండా, కానీ అంతే నిదానంగా. వేగం మధ్యాహ్నం చూద్దాం. వేగంగా చేసినప్పుడే బాగా వస్తోంది అనిపిస్తే జాగ్రత్త. ఊపులో ఉకే తనంతట తను పడుతున్నాడేమో చూసుకోండి. నిదానంగా చేసినప్పుడు రానిది మీకు ఇంకా రానట్టే.

జంటలు మారండి. అన్నదమ్ములు, ఒకే బండి మీద వచ్చినవాళ్ళు కలిసి చెయ్యొద్దు. మీ కన్నా బరువైనవాళ్ళతో ఒకసారి, తేలికైనవాళ్ళతో ఒకసారి చెయ్యండి. బరువైనవాళ్ళ దగ్గర బలం చాలదని తెలుస్తుంది. తేలికైనవాళ్ళ దగ్గర ఎంత బలం వృథాగా వాడుతున్నామో తెలుస్తుంది. ఉకే చేత్తో రెండుసార్లు తడితే ఆ క్షణమే వదిలెయ్యాలి. ‘ఇంకొంచెం’ అనేది లేదు.

మన ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు. చెమటకి ముంజేయి జారుతుంది. జారిందని పిడికిలి బిగించకండి, అరచెయ్యి పూర్తిగా ఆనించండి. ఇరవై నిమిషాలకోసారి నీళ్ళు తాగండి, దాహం వేసేదాకా ఆగొద్దు. ఇంట్లో సాధన చేస్తామన్నవాళ్ళకి ఒక మాట. కొబ్బరిపీచు చాప మన కోనసీమలో చవగ్గా దొరుకుతుంది, నిజమే, కానీ దాని మీద దొర్లితే మోచేతులు చెక్కుకుపోతాయి. సిమెంటు గచ్చు మీద అసలే వద్దు. మ్యాట్ లేకపోతే ఇంట్లో పాదాల కదలికలు, తాయి నో హెంకో మాత్రం చేసుకోండి, పడటాలు ఇక్కడే. సాయంత్రం మ్యాట్ ముక్కలు ఊడదీసి, తుడిచి, నిలబెట్టి ఆరబెట్టే పని ఎవరిదో బోర్డు మీద రాసుంది. అడుగున చెమ్మ ఉండిపోతే వారంలో బూజు పడుతుంది.

సరే, లేవండి. ఉంగరాలు, వాచీలు, చెవుల రింగులు, చేతికి కట్టిన తాళ్ళు తీసి ఆ డబ్బాలో వెయ్యండి. గోళ్ళు పెరిగినవాళ్ళకి గోళ్ళ కత్తెర బల్ల మీద ఉంది. తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించుకొచ్చిన బాబులు ఇద్దరున్నారు. మీరు ముందు కుళాయి దగ్గరికెళ్ళి కడుక్కుని రండి. మ్యాట్ జారిపోతుంది. మిగిలినవాళ్ళు జంటలుగా నిలబడండి. ఎడమ కాలు ముందు ఉన్నవాళ్ళు నగే. ఉకేలు కుడి చేత్తో పట్టుకోండి, చిటికెనవేలు ముందు.